వీడ్కోలు సభకు ఏ పుస్తకం కొనాలి?

ఆఫీసులో ఎవరైనా రిటైరవుతున్నారంటే తర్వాత జరిగేదంతా అందరికీ కంఠతా వచ్చు. ఒకరు వాట్సాప్ గ్రూపు పెడతారు. ఒకరు తలా రెండొందలు వసూలు చేస్తారు. సభ రోజు మధ్యాహ్నం ఇంకెవరో బండి వేసుకెళ్లి శాలువా, పూలదండ, పళ్లబుట్ట, పేరు చెక్కించిన మెమెంటో పట్టుకొస్తారు. ముప్ఫై అయిదేళ్లు సర్వీసు చేసిన మనిషి ఇంట్లో శాలువాలకే బీరువాలో ఒక అర ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. మెమెంటో టీవీ పక్కన కొన్నాళ్లు నిలబడి, పండక్కి ఇల్లు సర్దినప్పుడు అటకెక్కుతుంది. ట్రాన్స్‌ఫర్లకీ ప్రమోషన్లకీ ఇదే వరస. కాకపోతే పళ్లబుట్ట బదులు స్వీటు డబ్బా.

ఈ డబ్బులో కొంత పుస్తకాలకు పెడదామనే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. మీరే ఆ మనిషి అయితే ఈ వ్యాసం మీకోసమే. పుస్తకం అనుకున్నాక చాలామంది చేసే పని, దగ్గర్లోని షాపుకెళ్లి కౌంటర్ మీద కనబడిన వ్యక్తిత్వ వికాసం పుస్తకమో, అట్ట మెరిసే భగవద్గీతో తేవడం. గీత ప్రతులు చాలా ఇళ్లలో ఇప్పటికే రెండు మూడు ఉంటాయి. వ్యక్తిత్వ వికాసం సంగతి ఇంకా ఇబ్బంది. అరవై ఏళ్లు నిండి ఇంటికి వెళ్తున్న పెద్దాయనకు విజయం సాధించడమెలాగో చెప్పే పుస్తకం చేతిలో పెడితే ఆయన ఏమనుకోవాలి? జూనియర్‌కి సమయపాలన పుస్తకం ఇస్తే చురక. బాస్‌కి నాయకత్వం పుస్తకం ఇస్తే కాకా పట్టడమో వెక్కిరింతో తేల్చుకోవడం ఆయన వంతు.

నా సలహా ఒక్కటే. పుచ్చుకునేవారి హోదా చూసి కాదు, వాళ్లు పెరిగిన ఊరు చూసి పుస్తకం కొనండి.

ఉద్యోగం చేసే మనిషి ఫైలులో ఒక తెలుగు రాస్తాడు, మీటింగులో సగం ఇంగ్లీషు మాట్లాడతాడు, చిన్నప్పటి యాసను అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రమే బయటికి తీస్తాడు. ఆ యాస అచ్చులో కనబడితే, చదవడం ఎప్పుడో మానేశాననే మనిషి కూడా నాలుగు పేజీలు తిరగేస్తాడు. మన అదృష్టం ఏమిటంటే, గత మూడు నాలుగు దశాబ్దాల్లో తెలుగులో వచ్చిన మంచి కథల్లో చాలా భాగం ఇలా ఎవరి ఊరి నుంచి వాళ్లు రాసినవే. అందుకని పుస్తకాల షాపుకు వెళ్లేముందు కనుక్కోవలసింది, సర్వీసు రిజిస్టరులో ఉన్న చిరునామా కాదు. 'సార్, మీరు ఐదో తరగతి ఎక్కడ చదివారు?' అని అడగండి. లంచ్ టైములో అడిగితే జవాబు పావుగంట వస్తుంది. అందులోనే పుస్తకం దొరుకుతుంది.

చిత్తూరు వైపు మనిషైతే నామిని సుబ్రమణ్యం నాయుడు. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మా అమ్మ చెప్పిన కతలు', ఏది దొరికినా కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆయన పాత పుస్తకాలు కొన్ని 'మిట్టూరోడి పుస్తకం' పేరుతో ఒకే సంపుటిగా కూడా వచ్చాయి. అయితే లావు పుస్తకం కన్నా విడి పుస్తకమే బహుమతికి బాగుంటుందని నా లెక్క. మదనపల్లె వైపు పల్లె బతుకు తెలిసినవారికి ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు' ఇవ్వండి. చిన్నచిన్న కథలు, బస్సులో ఆఫీసుకు వెళ్తూ ఒకటి, వస్తూ ఒకటి ముగించేయొచ్చు. ఇది హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన పుస్తకం. నెల్లూరు జిల్లా మనిషికి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. కడపవారికి వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్న పుస్తకం.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఖదీర్‌బాబునీ షరీఫ్‌నీ ముస్లిం సహోద్యోగికి, దళిత కథల్ని దళిత సహోద్యోగికి ఏరి కొనడం ఆలోచనలాగే కనిపిస్తుంది గానీ, పుచ్చుకునేవాళ్లకి తమను ఒక గదిలో పెట్టి తలుపేసినట్టుంటుంది. 'దర్గామిట్ట కతలు' నెల్లూరు గాలి పీల్చిన ఎవరికైనా ఇవ్వదగ్గ పుస్తకం. అలాగే సీమ మనిషి అనగానే ఫ్యాక్షన్ నవల వెతకొద్దు. సినిమాలు చాలినంత చేశాయి. అనంతపురం పెద్దమనిషికి చరిత్ర మీద మక్కువ ఉంటే బండి నారాయణస్వామి 'శప్తభూమి' ఉంది. పాలెగాళ్ల కాలం నాటి సీమ మీద నవల, 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పెద్ద పుస్తకం కాబట్టి రిటైరయ్యేవారికి సరే, మార్చి నెలాఖరు లెక్కల్లో మునిగిన మనిషికి వద్దు.

గోదావరి వాళ్లకి వంశీ 'మా పసలపూడి కథలు' గురించి చెప్పనక్కర్లేదు. అందుకే చాలా ఇళ్లలో అది ఉండే ఉంటుంది, ముందుగా ఆరా తీయండి. ఉంటే తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు' చూడండి. 2023లో సాహిత్య అకాడెమీ గుర్తించిన కథల సంపుటి. నెమ్మదిగా, ఒక్కో కథకి ఒక్కో సాయంత్రం పెట్టుకుని చదివేవాళ్లకు అది. కొల్లేరు చుట్టుపక్కల పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడినవారికి అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు'. విజయనగరం, విశాఖ మనుషులకు చింతకింది శ్రీనివాసరావు 'దాలప్ప తీర్థం'. పార్వతీపురం ఏజెన్సీలో పనిచేసి వచ్చినవారికి మల్లిపురం జగదీశ్ 'శిలకోల'. కె.ఎన్.వై. పతంజలి పేరు వినని ఉత్తరాంధ్ర మనిషి మీ సెక్షన్లో ఉంటే వెంటనే 'గోపాత్రుడు' కొనిచ్చేయండి, ఏ సందర్భం కోసమూ ఆగకుండా.

తెలంగాణ వైపు వస్తే సిరిసిల్ల ప్రాంతం వారికి పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి'. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ. చిన్న నవల, ఒక ఆదివారం చాలు. నల్లగొండ మిత్రుడికి వి. మల్లికార్జున్ 'నల్లగొండ కథలు'. పాట వింటే చెయ్యి దానంతటదే బల్ల మీద దరువేసే మనిషి ఎవరైనా ఉంటే గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'. 2021 సాహిత్య అకాడెమీ అవార్డు దానిదే. తండాలో పెరిగి ఉద్యోగానికి వచ్చిన కుర్రవాళ్లు ఇవాళ ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' గోర్ బంజారా కథలు, 2024 యువ పురస్కారం తెచ్చుకుంది. తండా పేరు వినడమే తప్ప చూడని పై అధికారికి ఇది ఇంకా బాగా పనికొస్తుందని నాకనిపిస్తుంది.

చెన్నైలో పనిచేసే తెలుగువాళ్లకు, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వాళ్లకు స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'. పులికాట్ సరస్సు దీవుల తెలుగు అందులో ఉంది. మొదట్లో కొన్ని మాటలు కొరుకుడు పడవు. ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పేస్తే మంచిది. రెండో పేజీలో ఆపేసి పక్కన పెట్టకుండా ఉంటారు.

ఊరు తెలియకపోతే, లేదా ఉద్యోగ బదిలీల మీద బదిలీలతో ఏ ఊరూ తనది కాకుండా పెరిగిన మనిషైతే, అప్పుడు చేసే పనిని చూడండి. చిన్న ఫ్యాక్టరీ పెట్టుకున్నవారికి, పెట్టబోతున్నవారికి సోమరాజు సుశీల 'చిన్న పరిశ్రమలు పెద్ద కథలు' లాంటి పుస్తకం మరొకటి తెలుగులో నాకు కనబడలేదు. ఆవిడ స్వయంగా పరిశ్రమ నడిపిన మనిషి. లైసెన్సులు, బ్యాంకులు, ఇన్‌స్పెక్టర్లు, పనివాళ్లు అన్నీ నవ్విస్తూనే చెబుతుంది. బ్యాంకులో లోన్ల విభాగం వాళ్లకి కూడా ఇవ్వొచ్చు, అటువైపు నుంచి తాము ఎలా కనబడతారో చూసుకుంటారు. పోలీసు శాఖలో మిత్రుడుంటే కె.ఎన్.వై. పతంజలి 'ఖాకీవనం', కాకపోతే మిత్రుడు ఎంత దగ్గరివాడో చూసుకుని. కొత్తగా చేరిన టీచరుకు గిజుభాయి 'పగటి కల'. అనువాదమే అయినా బడి గురించి ఇంతకన్నా చురుకైన పుస్తకం అరుదు. పోటీ పరీక్షలకు చదివి చదివి కిందటి నెలే ఉద్యోగం వచ్చిన కుర్రాడికి, లేదా ఇంకా రాని తమ్ముడికి, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. చదువుకుని పని దొరకని యువకుడు గొర్రెల మందతో నల్లమల ఎక్కే కథ. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా అయింది. సినిమా చూశాననేవాళ్లు ఉంటారు. చూసినా పరవాలేదు, అడవి పుస్తకంలోనే ఎక్కువ ఉంది.

మరీ కొత్త పుస్తకమే కావాలంటారా? అవార్డుల వెంట పడటం ఒక పద్ధతి. 2025 యువ పురస్కారం ప్రసాద్ సూరి 'మైరావణ'కు వచ్చింది. అంతకన్నా నాకు నచ్చే పద్ధతి, ప్రచురణ సంస్థల పేర్లు గుర్తుపెట్టుకోవడం. అన్వీక్షికి, ఛాయ, అజు, ఎలమి లాంటివి ఈ పదేళ్లలో చాలామంది కొత్తవాళ్లను అచ్చులోకి తెచ్చాయి. కొత్త రచయిత పుస్తకం కొనేముందు షాపులో నిలబడే మొదటి కథ, మధ్యలో ఒక కథ మొదటి పేజీ చదవండి. వెనక అట్ట మీద రాసినదాన్ని నమ్మకండి, అక్కడ అందరూ గొప్పవాళ్లే.

తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని వాళ్ల సంగతి వేరే ఆలోచించాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇప్పుడు టీమ్ లీడర్లు అయ్యారు. తెలుగు రాని బాసులు సరేసరి. వీళ్లకి మన రచయితల ఇంగ్లీషు అనువాదాలు ఇవ్వొచ్చు. ఓల్గా 'విముక్త' కథలు 'ది లిబరేషన్ ఆఫ్ సీత'గా హార్పర్ కాలిన్స్ నుంచి వచ్చాయి. పల్చటి పుస్తకం, విమానంలో చదివి ముగించే నిడివి. గోగు శ్యామల కథలు 'ఫాదర్ మే బీ యాన్ ఎలిఫెంట్' అంటూ సాగే పొడుగాటి పేరుతో నవయాన వేసింది. వింటే అర్థమవుతుంది, చదవడమే కష్టం అనేవాళ్లకి, చూపు తగ్గిన పెద్దవాళ్లకి ఆడియో ఉంది. దాసుభాషితం యాప్‌లో తెలుగు పుస్తకాలు వినొచ్చు. దానికి డబ్బు కట్టి ఇవ్వడం ఒక్కటే కాదు, వాళ్ల ఫోన్లో దించి, మొదటి పుస్తకం మోగేదాకా పక్కన కూర్చోవాలి.

మరి పుస్తకాల పురుగు సంగతి? ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. ఏది కొన్నా 'ఇది ఉంది' అంటారు. వాళ్లకి పుస్తకం కాకుండా పుస్తకం చుట్టూ ఉండేవి కొనండి. మెడ నొప్పున్నవారికి చెక్క వ్యాసపీఠం, రాత్రిపూట ఇంట్లోవాళ్ల నిద్ర పాడుచేయకుండా చదువుకునే చిన్న క్లిప్పు దీపం. లేదా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం కట్టేయండి. డిపాజిట్ పెద్ద మొత్తం కాదు, రిటైరైన మనిషికి పొద్దున పదింటికి వెళ్లడానికి ఒక చోటు ఏర్పడుతుంది. అదీ కాకపోతే డబ్బు కవరులో పెట్టి, ఏదో ఒక ఆదివారం పుస్తక ప్రదర్శనకు వాళ్లతో కలిసి వెళ్లండి.

హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లకి పండక్కి బట్టలో స్వీట్లో ఇచ్చే ఆఫీసులున్నాయి. అవి మాని పుస్తకాలివ్వమని అనను. వాటితోపాటు పిల్లలుంటే వాళ్ల వయసు అడిగి 'మంచి పుస్తకం' ప్రచురణకర్తల బొమ్మల పుస్తకాలు రెండు చేర్చండి. హైదరాబాద్ తార్నాకలో వాళ్ల దుకాణం ఉంది. ధర ఒక సినిమా టిక్కెట్టు కన్నా తక్కువే. అయితే పిల్లలకే అనుకుని ఆగిపోవద్దు. రాత్రి డ్యూటీలో గేటు దగ్గర కూర్చుని నవలలు చదివే వాచ్‌మన్‌లు మనకు తెలియంది కాదు. 'అన్నా, ఏం చదువుతుంటావు?' అని ఒకసారి అడగండి.

ఇక కొనడం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సభ శుక్రవారమైతే గురువారం సాయంత్రం షాపుకు వెళ్తారు. తెలుగులో మామూలుగా ఒక పుస్తకాన్ని అయిదొందలో వెయ్యో కాపీలు వేస్తారు. అవి అయిపోతే మళ్లీ వేసేదాకా ఆగాల్సిందే. అందుకని రెండు వారాలు ముందు మొదలుపెట్టండి. నవోదయ, విశాలాంధ్ర, ప్రజాశక్తి లాంటి షాపులకు ముందు ఫోన్ చేసి, పేరు చెప్పి, పక్కన పెట్టించుకోండి. ఆన్‌లైన్‌లో 'స్టాకు లేదు' అని ఉంటే నిరాశపడకుండా ప్రచురణకర్తకు ఫోన్ చేయండి. నంబరు పుస్తకం రెండో పేజీలో ఉంటుంది, ఎవరి దగ్గరైనా పాత కాపీ ఉంటే చూడొచ్చు. చిన్న ప్రచురణకర్తలు చాలామంది ఫోన్‌పేలో డబ్బు వేస్తే మర్నాడే పంపుతారు. పాత ముద్రణలకు హైదరాబాద్‌లోనైతే ఆదివారం అబిడ్స్, కోఠి ఫుట్‌పాత్‌లు ఉన్నాయి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లగలిగితే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోండి. స్టాల్లో రచయితలే కూర్చుని ఉంటారు. ఎవరికివ్వబోతున్నారో పేరు చెప్పి సంతకం చేయించుకోవచ్చు. ఇంటిపేరు సరిగ్గా చెప్పండి.

తలా వందేసుకుని ఇరవై మంది రెండు వేలు పోగుచేశారనుకుందాం. మూడు వందల పుస్తకాలు ఆరు వస్తాయి. ఆరూ కొనకండి. సభ అయ్యాక పళ్లబుట్టతో, దండతో, మనవడితో ఇంటికి వెళ్లే మనిషి అంత మోయలేరు, మోసినా ఏది ముందు చదవాలో తెలియక ఏదీ చదవరు. మూడు చాలు. ఒకటి వాళ్ల ఊరిది, ఒకటి తేలికైన కథలు, ఒకటి మీరు చదివి ప్రేమించినది. పెద్దవాళ్లకు కొనేటప్పుడు అక్షరం సైజు చూడటం మరచిపోవద్దు. సన్నక్షరాల్లో కిక్కిరిసిన పుస్తకం ఎంత గొప్పదైనా వద్దు. మిగిలిన డబ్బుకి ఎలాగూ శాలువా ఉండనే ఉంది, ఆ ముచ్చట పూర్తిగా తీసేస్తే ఇంట్లో ఆవిడ చిన్నబుచ్చుకోవచ్చు.

మొదటి తెల్ల పేజీలో రాయండి. కంపెనీ స్టిక్కరు అంటించకండి, 'శుభాకాంక్షలతో, సిబ్బంది' అని రబ్బరు స్టాంపు అస్సలు కొట్టకండి. తారీఖు, ఊరు, అందరి సంతకాలు, వీలైతే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. కలిసి చేసిన ఆడిట్టో, వరదల్లో చేసిన డ్యూటీయో, ఆయన తెచ్చిపెట్టే ఆవకాయో, ఏదో ఒక నిజమైన సంగతి రాయండి. చేతిరాత బాగోలేదని కంప్యూటర్లో కొట్టి అంటించేవాళ్లున్నారు. అదొద్దు.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక మాట. కేంద్రానికైనా ఆంధ్రప్రదేశ్‌కైనా 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. మీ దగ్గర ఫైలు పెండింగులో ఉన్న కాంట్రాక్టరు ఇచ్చేది పుస్తకాల సెట్టయినా బహుమతి కిందికే వస్తుంది. తోటి ఉద్యోగులు చందా వేసుకుని రిటైర్మెంట్‌కి ఇచ్చుకునే మూడు పుస్తకాల సంగతి వేరు. ప్రైవేటు కంపెనీల్లో వెండర్లకు ఇవ్వడం, పుచ్చుకోవడం మీద హెచ్‌ఆర్ వాళ్ల నిబంధనలు ఉంటాయి, ఒకసారి చూసుకోండి.

పీడీఎఫ్ పంపి బహుమతి ఇచ్చామనుకునే అలవాటు ఒకటి ఈమధ్య బాగా ముదిరింది. ఎవరో స్కాన్ చేసిన కొత్త పుస్తకాన్ని ఆఫీసు గ్రూపులో పెడతారు, వెంటనే ఇరవై నమస్కారాలు వస్తాయి. అయిదొందల కాపీలు వేసుకున్న రచయితకి ఆ ఒక్క మెసేజీతో ఎన్ని కాపీలు ఇంట్లో మిగిలిపోతాయో ఆలోచించేవాళ్లు తక్కువ. చదివి నచ్చితే అట్ట ఫోటో, ధర, దొరికే చోటు పెట్టండి. అది చాలు.

బదిలీ మీద వెళ్లిపోయిన మనిషికి తర్వాత గుర్తొచ్చి పంపాలంటే పోస్టాఫీసే చవక. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్టు అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. పాఠ్యపుస్తకాలతోపాటు సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకు వర్తిస్తుంది, ప్రకటనలుండే పత్రికలకు వర్తించదు. నేల మార్గంలో వెళ్తుంది కాబట్టి పుట్టినరోజుకు అందాలంటే ముందే పంపాలి. కవరు మీద 'జ్ఞాన్ పోస్టు' అని రాసి, పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రించినవారి పేరో ఉందో లేదో చూసుకుని, కౌంటర్‌లో అడిగి ఇవ్వండి. తొందరైతే స్పీడ్ పోస్టు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. వాన రోజులైతే పుస్తకానికి ముందు ప్లాస్టిక్ కవరు, ఆపైన అట్టముక్క, ఆపైన కాగితం చుట్టండి. మూలలు నలగవు.

ఇచ్చాక నెల తిరక్కుండా 'చదివారా సార్?' అని అడగొద్దు. రిటైరైన మొదటి నెలంతా పెన్షన్ కాగితాలు, బంధువుల ఇళ్లు, తిరుపతి. తర్వాత ఎప్పుడో ఆయనే ఫోన్ చేసి, ఫలానా కథలో ఫలానా మాట మా నాయనమ్మ అనేది అంటారు. అప్పుడు అదే రచయితది ఇంకో పుస్తకం పేరు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.